రెండో మిషను

నవంబర్ 3, సోమవారం

కేబిన్ తాళం ఇవాళ తీశాను. మొదట తిరగలేదు. నూనె పోస్తే తిరిగింది. లోపల ఇంకా ఆ వాసనే ఉంది. ఫిలిం అతికించే జిగురుదీ, వేడెక్కిన దుమ్ముదీ. మిషన్లు పాత ఇనుముకి పోయి ఎన్నేళ్లయినా వాసన మాత్రం పోలేదు.

లారీలో పెట్టెలొచ్చాయి. మోసేవాళ్లు మెట్ల మలుపులో ఇరుక్కుని తిట్టుకున్నారు. మా మిషన్లు ఎక్కించిన రోజున కూడా సరిగ్గా అక్కడే తిట్టుకున్నారు. అప్పుడు బావ పైమెట్టు మీద నిలబడి, "గోడకి తగిలితే గోడ పోతుంది. జారితే నా బామ్మర్ది పోతాడు. రెండోది కొత్తగా దొరకదు, చూసుకోండి" అన్నాడు. నేను కింది కొస పట్టుకుని ఉన్నాను. అందరూ నవ్వారు. నాకు నవ్వడానికి ఊపిరి లేదు.

పెట్టెలతో ఒక అమ్మాయి వచ్చింది. ఇంజనీరట.

"తాతగారూ, ఏసీ పెట్టించారా?"

పెట్టించారన్నాను.

"కరెంటు వేరే లైను మీదేనా?"

వేరే లైనే.

"వానొస్తే నీళ్లు కారతాయా?"

కారవు.

"మీరు ఎప్పుడూ ఇంతేనా మాట్లాడేది?"

నేను ఫ్యాన్ వేశాను.

హాలు మూసేశాక యజమాని నన్ను కాపలాకి ఉంచేశారు. టికెట్ల గదిలో నా మంచం. ఇప్పుడు కేబిన్ ఈ కంపెనీకి అద్దెకిచ్చారు. గది చల్లగా ఉందో లేదో రెండు పూటలా చూడాలి. ఎర్ర దీపం వెలిగితే ఫోన్ చెయ్యాలి. అదీ పని.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. కంటి డాక్టరు ఇరవై ఏడో తేదీ ఇచ్చాడట. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంట్లో ఒత్తిడి పెరుగుతోంది, ఆపరేషన్ చెయ్యకపోతే అదీ పోతుందన్నాడట. ఆ రోజంతా బావ దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి.

"ఎవరో ఒకరు అంటే నువ్వేరా" అంది.

చూద్దాం అన్నాను.

నవంబర్ 4

ఏసీ బాగానే ఉంది. పని చాలా ఎక్కువగా ఉంది.

నవంబర్ 6, గురువారం

ఇంజనీరమ్మాయి సర్వర్లను ఇనుప బీరువాలాంటి చట్రంలో బిగించింది. ఒకటో నంబరు మిషను నిలబడిన చోటే పెట్టింది. నేల మీద పాత బోల్టుల గుంటలు చట్రం కాళ్ల కిందికి పోయాయి.

స్క్రూ బిగిస్తూ అడిగింది, "తాతగారూ, గోడకి ఈ చిన్న కిటికీలేంటి? జతలు జతలుగా ఉన్నాయి?"

"ఒకటి వెలుగు పోవడానికి. పక్కది మనిషి చూడ్డానికి."

"మరి రెండు జతలెందుకు?"

"మిషన్లు రెండు కదమ్మా."

"రెండెందుకు?"

ఈ కాలం పిల్లకి తెలియదు. చెప్పాను. ఈమధ్య అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు. సినిమా అంతా ఒక్క రీల్లో ఉండదు. ఒక రీలు ఇందులో ఆడుతుండగానే తర్వాతి రీలు అందులో ఎక్కించాలి. కార్బన్ పుల్లలు ముట్టించి వెలుగు నిలదొక్కుకునేదాకా చూసుకోవాలి. తెర మీద కుడి మూలన చుక్క పడుతుంది. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి. రెండో చుక్కకి దీని మూత పడాలి, దాని మూత లేవాలి. కింద కూర్చున్నవాడికి ఏమీ తెలియకూడదు.

"తెలిస్తే?"

"ఈలలేస్తారు. కుర్చీలు కోస్తారు."

"మాకూ వేస్తారు. ఫోన్లో" అంది.

తర్వాత తన పని చెప్పింది. వాళ్లది పిల్లలకి పాఠాలు చెప్పే వీడియోల కంపెనీ. అసలు సరుకంతా ఊరవతల వాళ్ల భవనంలో ఒక్క చోటే ఉంటుంది. దాన్ని మూలం అంటారు. జనానికి దగ్గరగా ఊరూరా అంగళ్లలాంటివి ఉంటాయి. అవి నకళ్లు తెచ్చి పెట్టుకుని పంచుతుంటాయి. నకలు పాతబడితే మళ్లీ మూలం దగ్గరకి పరుగెడతాయి. మూలం పడిపోతే కాసేపటికి అన్ని అంగళ్లూ ఖాళీ. పోయినేడు పరీక్షల ముందు అలా పడిపోయిందట. అందుకని దూరంగా, వేరే కరెంటు మీద, ఈ గదిలో రెండో మూలం. మొదటిది పలక్కపోతే అంగళ్లన్నీ ఇటు తిరుగుతాయి.

"మీ రెండో మిషనే అనుకోండి" అంది.

ఒకటో మిషను బావది. రెండోది నాది. ఎప్పుడూ అంతే. మా పల్లెలో ఐదో తరగతితో బడి అయిపోయేది. అక్క పెళ్లయిన ఏడాది బావ నన్ను తెచ్చి ఈ కేబిన్లో నిలబెట్టాడు. "తెర చూడకు, మూల చూడు. కథలో పడ్డావంటే చుక్క తప్పుతావు" అన్నాడు. అందుకే నేను చూసినవన్నీ సినిమాల మూలలే. ఆకాశం, కొమ్మలు, గోడ గడియారాలు. హీరోయిన్ మొహం మూలకి రాదు.

నవంబర్ 7

అక్క ఫోన్ చేసింది. పనుందన్నాను. ఏం పని అంది. ఏసీ అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ కేబిన్‌కి ఎవరూ రాలేదు. అక్క వాళ్లింటికి వెళ్దామనే అనుకున్నాను. వాన పడేలా ఉంది. పడలేదు.

పోయిన నెల సంగతి రాయకూడదనుకున్నాను. రాస్తే పోతుందేమో.

బావకి మతి సడలి రెండేళ్లు దాటింది. మధ్యాహ్నం దాకా గోడ చూస్తూ కూర్చుంటాడు. పొద్దు వాలితే ఆటకి టైమైందని లేస్తాడు. అక్కకి పిల్లలు లేరు. నాకు పెళ్లే లేదు. ఇంటికి మూడో మనిషంటే నేనొక్కణ్నే. ఒక నర్సుని కుదిర్చారు. టికెట్ లేకుండా కేబిన్లోకి వచ్చిందని బావ ఆవిణ్ని గెంటేశాడు. రెండో పూట రాలేదు.

ఆ రోజు అక్క కంటి పరీక్షకి వెళ్లింది. నన్ను కూర్చోమంది. బావ నన్ను గుర్తుపట్టలేదు గాని ఊరికే ఉన్నాడు. ఉన్నట్టుండి "రీలు వచ్చిందా?" అన్నాడు.

మాకూ అవతలి హాలుకీ కలిపి ఒకటే బొమ్మ నడిచిన రోజులుండేవి. అక్కడ ఆడేసిన రీలుని సైకిల్ మీద ఇక్కడికి తెచ్చేవారు. సైకిలు రావడం ఆలస్యమైతే బావ మెట్లు ఎక్కుతూ దిగుతూ సగమయ్యేవాడు. ఆయన ఇప్పటికీ ఆ మెట్ల మీదే ఉన్నాడు.

నేను, "హాలు మూసేశారు బావా" అన్నాను.

నాకు అబద్ధమాడటం రాదు. నిజం చెప్పడం కూడా రాదని అప్పుడు తెలిసింది.

"ఎవడు మూశాడు?" అని లేచాడు. అన్నం పళ్లెం గోడకి కొట్టాడు. తలుపు వైపు పోయి గడప తట్టుకుని పడ్డాడు. మోచెయ్యి చీరుకుంది. లేపబోతే, "నువ్వెవడివి? బయటికి పో" అన్నాడు. పక్కింటావిడ ఫోన్ చేస్తే అక్క కళ్లలో మందు చుక్కలతోనే, పరీక్ష సగంలో వదిలేసి వచ్చింది. వస్తూనే, "ఏమండీ, రీలు సైకిలు మలుపు తిరిగిందిట. కూర్చోండి" అంది. ఆయన కూర్చున్నాడు.

అంతే. ఒక్క మాట.

అప్పట్నుంచి నేను వెళ్లలేదు. నన్ను చూస్తే ఆయనకి బెదురు. ఆయన మంచికే వెళ్లడం లేదు.

నవంబర్ 12, బుధవారం

ఇవాళ పరీక్ష పెట్టారు. ఊరవతల మొదటి మూలాన్ని కావాలనే ఆపేశారు, ఇక్కడిది అందుకుంటుందో లేదో చూద్దామని. ఇంజనీరమ్మాయి స్టూలు మీద కూర్చుని తన కంప్యూటరు చూస్తోంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి.

అంగళ్లు ఇటు తిరిగాయి. "ఉన్నావా?" అని అడిగాయట. ఇది "ఉన్నాను" అందట. పాఠం ఇవ్వమంటే "లేదు" అందట.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఫోన్లో వాళ్ల పెద్దసారు ఏదో అంటున్నారు. ఈ అమ్మాయి "అవును సార్, అవును సార్" తప్ప ఇంకేమీ అనలేదు. మొదటిదాన్ని వెంటనే లేపారు. అయినా అంగళ్లు చాలాసేపు "లేదు, లేదు" అనే చెప్పాయట.

"అది లేచింది కదమ్మా. ఇంకా లేదంటాయేం?"

"విన్న 'లేదు'ని కూడా నకలు తీసి దాచుకున్నాయి తాతగారూ. దానికీ ఒక గడువుంటుంది. గడువు తీరేదాకా మనం ఏం చెప్పినా వినవు. ఆ గడువు ఎక్కువ పెట్టింది నేనే."

తప్పెక్కడో తర్వాత దొరికింది. కొత్త పాఠాలు ఈమధ్య వేరే అరలో పెడుతున్నారట. ఆ అర సంగతి ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. పాతవే ఇక్కడికి వచ్చాయి. పిల్లలడిగేవి కొత్తవి.

"ఉన్నావా అని అడగడం కాదు. ఉంటే ఏం లాభం?" అని తనలో తనే అనుకుంది. కళ్లు తుడుచుకుంది. చూడనట్టు నేను కిటికీ తుడిచాను.

నవంబర్ 13, గురువారం

అక్క వచ్చింది.

కేబిన్ మెట్లు ఒక్కతే ఎక్కింది. గోడ పట్టుకుని, కాలితో తడుముకుంటూ. చప్పుడు విని నేను వెళ్లేసరికి పైమెట్టు మీద ఉంది. పెళ్లయిన కొత్తలో బావకి కారియరు తెస్తూ ఇవే మెట్లు పరుగెత్తి ఎక్కేది. కింద గేటు మనిషి "రెండో ఆట హీరోయిన్ వచ్చిందోయ్" అనేవాడు.

"ఒరేయ్, బతికే ఉన్నావా?" అంది.

"బావో?"

"పడుకున్నాడు. పక్కింటావిడ ఉంది. నీ ఏసీ ఎలా ఉంది? దానికి జ్వరమేమైనా వచ్చిందా, వదలకుండా కూర్చున్నావు?"

ఇంజనీరమ్మాయి లేచి స్టూలు ఇచ్చింది. అక్క కూర్చుని ఆ అమ్మాయి గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"వీడు నీతో మాట్లాడతాడా అమ్మాయ్?"

"అడిగితే చెప్తారండీ."

"అదృష్టవంతురాలివి. వీడికి సంబంధం చూడ్డానికి వెళ్లాం ఒకసారి. పిల్ల వాళ్ల నాన్న ఏం చేస్తావు బాబూ అన్నాడు. వీడు మా ఆయన వంక చూశాడు. మీ పేరేంటి బాబూ అన్నాడు. వీడు మా ఆయన వంక చూశాడు. ఆ పెద్దమనిషి, అయ్యా మా అమ్మాయిని మీ ఇద్దర్లో ఎవరికివ్వాలి అన్నాడు."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. నేను తల దించుకున్నాను.

సర్వర్ల ఫ్యాన్లు మోగుతున్నాయి. అక్క అంది, "ఇక్కడ ఇప్పుడూ చప్పుడే. మిషను చప్పుడు లేకపోతే మీ బావకి నిద్ర పట్టేది కాదు, గుర్తుందా? సెలవు రోజు కుట్టుమిషను తొక్కమనేవాడు నన్ను."

"గుర్తుంది."

"డాక్టరుకి చెప్పేశాను, నాకు ఆపరేషన్ వద్దని."

నేను అక్క వైపు తిరిగాను.

"నీ మీద కోపంతో కాదు. నువ్వు రాలేవు, నాకు తెలుసు. ఆయన్ని ఎవరికీ వదిలి వెళ్లలేను. కళ్లు పోతే పోతాయి. ఇల్లు నాకు చేత్తో తెలుసు."

"అక్కా..."

"చూద్దామని మాత్రం అనకు. చూద్దాం చూద్దాం అని చంపావు. అదే చెప్పడానికొచ్చాను. ఇంక ఫోన్లో ఆ మాట వినను."

కిందికి దింపి వీధి చివరిదాకా వెళ్లాను. చెయ్యి పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. మలుపు దగ్గర మాత్రం తనే పట్టుకుంది.

నవంబర్ 14, శుక్రవారం

పొద్దున కేబిన్ తెరిచేసరికి ఇంజనీరమ్మాయి ఫోన్లో వాళ్ల పెద్దసారుతో వాదిస్తోంది. గొంతు మొన్నటిలా లేదు.

"కొత్త అర కూడా కలిపేశాను సార్. 'లేదు'కి గడువు బాగా తగ్గించాను. ఉన్నావా అని కాదు, నిజం పాఠం ఒకటి తెమ్మని అడిగేలా పెట్టాను. కానీ అది చాలదు సార్... కాదు సార్, రెండోదాన్ని ఊరికే కూర్చోబెట్టి ఆపద రోజున లెమ్మంటే అది లేవదు. రోజూ అడిగేవాళ్లలో వందకి ఐదుగుర్ని ఇటు పంపిద్దాం. మొదటిది బాగున్నప్పుడే పంపాలి. ఇది తడబడితే అది సర్దుకుంటుంది. అలవాటవుతుంది... ఖర్చు తెలుసు సార్."

ఫోన్ పెట్టేసి "ఒప్పుకున్నారు" అంది.

కార్బన్ పుల్లలు ముట్టించగానే వెలుగు నీలంగా ఉంటుంది. వణుకుతుంది. అది తెల్లబడేదాకా ఒకటో మిషను ఆడుతూనే ఉంటుంది. ఆ కాసేపు రెండూ వెలగాలి. ఆ ఉక్కలో బావా నేనూ చొక్కాలు విప్పుకుని నిలబడేవాళ్లం. ఇన్నేళ్లు చేసిన పనే.

మధ్యాహ్నం అక్క వాళ్లింటికి వెళ్లాను.

తలుపు తీసి, "ఏసీ పాడైందా?" అంది.

"నువ్వు ఉన్నప్పుడే కాసేపు కూర్చుంటాను. రోజూ. ఆయనకి అలవాటయ్యాక చూద్దాం. డాక్టరుకి ఫోన్ చెయ్యి."

ఇంత పొడుగు మాట నేను అనగా అక్క విన్నదెప్పుడో. తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

లోపల బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ముడుచుకున్నాడు. "ఎవడు?" అన్నాడు. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను.

అక్క వెనకనుంచి, "సైకిలాయనండీ. అవతలి హాలు నుంచి రీళ్లు తెచ్చేది ఈయనే" అంది.

బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "వీడా? తల నెరిసిపోయింది. తొక్కగలడా?"

"తొక్కుతాడండీ. మెల్లగా తొక్కుతాడు."

"అందుకే రోజూ ఆలస్యం" అన్నాడు బావ.

పో అనలేదు.

నవంబర్ 15

కూర్చున్నాను. మాట్లాడలేదు. పో అనలేదు.

నవంబర్ 16, ఆదివారం

అక్క చెప్పే జవాబులు వింటున్నాను. హాలు నిండిందా అంటే, నిండింది, బయట బోర్డు పెట్టేశారు. జనరేటరు ఇంజన్‌లో నూనె పోశారా అంటే, ఇందాకే పోశారు. ఇవి వింటేనే అన్నం ముద్ద మింగుతాడు. ఆవిడేది అంటే (అక్క వంటింట్లోంచి తనే చెప్తుంది), దుకాణానికి వెళ్లింది, వచ్చేస్తోంది.

అక్క గొంతులో అవి అబద్ధాల్లా ఉండవు. ఆ హాలు నిండటం తను చూసింది. బోర్డు పెట్టడం చూసింది. నేనూ చూశాను.

నవంబర్ 17

రీలు వచ్చిందా అన్నాడు. అక్క నన్ను మోచేత్తో పొడిచింది. "తెచ్చాను" అన్నాను. వినపడలేదు. "ఏంటీ?" అన్నాడు. "తెచ్చానయ్యా" అన్నాను.

"అయితే ఎక్కించు, చూస్తావేం" అన్నాడు.

నవంబర్ 18, మంగళవారం

అక్క పెరట్లో ఉండగా బావ, "ఏం బొమ్మ ఆడుతోంది?" అన్నాడు. ఇది అక్క నేర్పలేదు. నాకు పేర్లు ఎప్పుడూ గుర్తుండవు.

"ఆకాశం ఉంటుంది. ఎడమ నుంచి ఒక కొమ్మ వస్తుంది. గాలికి ఊగుతుంది" అన్నాను.

బావ కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"ఆ తర్వాత గోడ. గోడ మీద బల్లి."

"ఓ, అదా" అన్నాడు. "ఆ బల్లి షూటింగులో అనుకోకుండా వచ్చింది. ఎవరూ చూడలేదు."

మేమిద్దరమే చూశాం. ఇంటికి వస్తూ దారిలో నాలో నేను నవ్వుకున్నాను. ఎదురొచ్చినావిడ పక్కకి జరిగింది.

నవంబర్ 20, గురువారం

మళ్లీ పరీక్ష. మొదటి మూలాన్ని ఆపారు. అంగళ్లు ఇటు తిరిగాయి. ఈసారి పాఠం అడిగితే పాఠం ఇచ్చింది. ఫ్యాన్ల చప్పుడు పెరిగింది. గది కొంచెం వేడెక్కింది, నేను ఏసీ పెంచాను. ఒకచోట పాఠం కాసేపు నిలిచి నిలిచి ఆడిందట. ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

"తాతగారూ, ఒక్క ఈల లేదు" అంది ఆ అమ్మాయి.

తన పని అయిపోయింది. సామాను సర్దుకుంది. పోయేముందు చూసే కిటికీలోంచి హాల్లోకి చూసింది. కుర్చీలు లేవు. మెట్లు మెట్లుగా సిమెంటు నేల. "ఎంతమంది పట్టేవారు?" అంది.

"పట్టనివాళ్లకి కూడా చోటుండేది" అన్నాను. ఆ మాట బావది. టికెట్లు అయిపోయాక వచ్చిన పిల్లల్ని కేబిన్ మెట్ల మీద కూర్చోబెట్టి, "వీళ్లు హాల్లో పట్టనివాళ్లు, వీళ్లకి టికెట్ లేదు" అనేవాడు.

"మీ అక్కగారి కన్ను?"

"ఇరవై ఏడున."

"మరి ఆయన దగ్గర?"

"నేనున్నాను."

ఉంటే సరే, పాఠం ఉందా అని ఆ అమ్మాయి అడగలేదు. నేనే అనుకున్నాను.

నవంబర్ 23

నిన్న అక్క గంటసేపు బయటికి వెళ్లొచ్చింది. గొడవ లేదు. ఇవాళ రెండు గంటలు. చివర్లో కొంచెం. నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు, గోళ్లు దిగాయి. వదిలేశాడు.

నవంబర్ 26, బుధవారం

రేపు.

యజమానికి చెప్పాను. కేబిన్ ఆయన చూసుకుంటానన్నారు.

అక్క పక్కన లేకుండా బావ మధ్యాహ్నం పడుకోడు. కాళ్ల దగ్గర తను ఉండాలి. అది ఎలా నేర్చుకోవాలో తెలియదు.

నవంబర్ 27, గురువారం

పొద్దున్నే పక్కింటావిడ అక్కని కారులో తీసుకెళ్లింది. గడప దగ్గర అక్క ఆగింది.

"అన్నీ గుర్తున్నాయా?"

"ఉన్నాయి."

"ఏవీ, ఒకసారి చెప్పు."

"వెళ్లక్కా."

"భయమేస్తోందిరా."

"కత్తి కనపడదులే."

"కన్నుకి కాదు" అంది.

పొద్దుటి పూటంతా బాగానే గడిచింది. హాలు నిండింది. బోర్డు పెట్టారు. నూనె పోశారు. అన్నం తిన్నాడు, మాత్ర మింగాడు. ఆవిడేది అన్నాడు. దుకాణానికి వెళ్లిందన్నాను. సరే అన్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి సరే అనలేదు. తలుపు వంక చూస్తున్నాడు. చేతులు వణకడం మొదలైంది. పోయిన నెల లేచేముందు ఇలాగే వణికాయి. పడుకోమంటే వినలేదు. రీలు తెచ్చానంటే వినలేదు. నా దగ్గరున్నవన్నీ అయిపోయాయి.

లేవడానికి మంచంపట్టె పట్టుకున్నాడు. నేనూ లేచాను. అప్పుడు నా వైపు తిరిగి అడిగాడు.

"సైకిలాయనా, మా బామ్మర్ది ఏడీ?"

ఇది అక్క ఎప్పుడూ చెప్పలేదు. అక్కని అడిగి ఉండడు.

"ఏ బామ్మర్ది?" అన్నాను.

"ఎంతమంది ఉన్నారేంటి, ఒక్కడే. రెండో మిషను వాడు. నోరు విప్పడు. పిలిస్తే పలకడు, పలికితే వినపడదు."

"ఆయనతో ఏం పని?"

"పనేముంది. వాడు లోపలున్నాడంటే నేను కిందికి దిగి సిగరెట్ కాల్చుకోవచ్చు. గేటు దగ్గర ఒక్కోసారి రెండు కాల్చేవాణ్ని. పైకి చూసేవాణ్నే కాదు."

ఆ రెండు సిగరెట్ల సేపూ నేను పైన చెమటలు కక్కుతూ నిలబడేవాణ్ని. బావ నమ్మలేక గేటు దగ్గర్నుంచి తెర వెలుగే కనిపెడుతున్నాడని అనుకునేవాణ్ని. అన్నేళ్లూ అదే అనుకున్నాను.

"వాడితో అనకు. పొగరెక్కుతుంది" అన్నాడు.

"అనను."

చేతులు ఇంకా పట్టె మీదే ఉన్నాయి. "వచ్చాడా వాడు?" అన్నాడు.

"వచ్చాడు బావా."

"ఎక్కడ?"

"లోపలే ఉన్నాడు."

నా మొహం చూశాడు. గుర్తుపట్టాడని రాసుకోవాలని ఉంది. పట్టలేదు.

"అయితే సరే" అన్నాడు. పట్టె వదిలేశాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి గురక వచ్చింది.

సాయంత్రం అక్క కంటికి కట్టుతో వచ్చింది. పక్కింటావిడ కుర్చీ దాకా నడిపించి వెళ్లింది. అక్క గొంతు తగ్గించి అడిగింది.

"గొడవ చేశాడా?"

"పడుకున్నాడు."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నమే."

"నేను లేకుండానా?"

"ఊఁ."

అక్క తల తిప్పింది. గురక వైపు చెవి పెట్టి కాసేపు విన్నది. చెప్పులు విడవకుండానే కుర్చీలో వెనక్కి వాలింది. తనూ నిద్రపోయింది.

చీకటి పడింది. దీపం వెయ్యలేదు. ఇద్దర్నీ వింటూ కూర్చున్నాను.